డిగ్రీ ఉన్నోడికి రెండు ఓట్లు, ఊరి సర్పంచికి సున్నా

పోస్టు కొంచెం పెద్దది. మధ్యాహ్నం నీడపట్టున కూర్చున్నప్పుడు చదవండి.

2025 ఫిబ్రవరి 27 గుర్తుందా? మన కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ పోలింగ్ రోజు. కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది, రేటేమో పడిపోయి ఉంది. మా అబ్బాయి పొద్దున్నే పట్టలు తీసి, కాయలు కలియబెట్టి, స్నానం చేసి బండేసుకుని మండలానికి పోయి ఓటేసొచ్చాడు. వాడు బీకాం. ఊదా రంగు స్కెచ్ పెన్ను ఇచ్చారంట, 1, 2, 3 అని అంకెలు వెయ్యాలంట. నేను కల్లం దగ్గరే ఉన్నా. నాది ఇంటర్. నాకు ఓటు లేదు.

"నీకెందుకు నాన్నా బాధ, ఎమ్మెల్యేకి వేశావుగా" అన్నాడు. వేశాను. వాడూ వేశాడు. 2024లో వాడికొకటి, నాకొకటి. 2025లో వాడికి ఇంకొకటి. ఇద్దరం ఒకే కల్లంలో పని చేస్తాం, ఒకే రేటుకి అమ్ముకుంటాం. మరి ప్రభుత్వం దగ్గర వాడి మాటకి రెండు లెక్క, నా మాటకి ఒకటి లెక్క ఎందుకు?

మనలో చాలామందికి ఎమ్మెల్యే ఎన్నిక తెలిసినంతగా ఎమ్మెల్సీ సంగతి తెలియదు. అసెంబ్లీలో 175 సీట్లు, 18 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళూ నేరుగా వేస్తారు, అందులో పేచీ లేదు. పైన ఇంకో సభ ఉంది, శాసన మండలి. మన రాష్ట్రంలో 58 సీట్లు. అందులో 20 ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. 20 స్థానిక సంస్థలవి. 5 పట్టభద్రులవి, 5 టీచర్లవి. మిగతా 8 గవర్నరు గారు నామినేట్ చేస్తారు, అంటే పేర్లు పంపేది మంత్రివర్గమే అనుకోండి. తెలంగాణలో మొత్తం 40, పద్ధతి ఇదే.

టీచర్లలో కూడా హైస్కూలు, ఆ పైన చెప్పేవాళ్ళకే ఓటు. మన ఊరి ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలకి అఆలు దిద్దించే మేడం గారికి టీచర్ల ఓటు లేదు. హైస్కూలు మాస్టారికి మాత్రం ఎమ్మెల్యే ఓటు, పట్టభద్రుల ఓటు, టీచర్ల ఓటు, మూడూ ఉండొచ్చు. గవర్నరు నామినేట్ చేసేవాళ్ళు సాహిత్యం, సైన్సు, కళ, సహకార ఉద్యమం, సమాజసేవ, ఈ ఐదింట్లో అనుభవం ఉన్నవాళ్ళు కావాలని రాజ్యాంగంలో ఉంది. వ్యవసాయం ఆ వరుసలో లేదు.

ఇక అసలు విషయం. స్థానిక సంస్థల సీట్లు 20 అన్నాను కదా. పేరు వినగానే సర్పంచులూ వార్డు మెంబర్లూ వేస్తారనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాదు! ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు, కార్పొరేటర్లు వేస్తారు. సర్పంచికి లేదు. వీధి దీపం పోయినా, బోరు పాడైనా, కాలవ చివరికి నీళ్ళు రాకపోయినా మనం ఎవరింటికి పోతాం? ఎంపీటీసీ ఇంటికి పోయినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి. మన గుమ్మం ముందు రోజూ కనపడే మనిషి స్థానిక సంస్థ కాదట, మండలానికి ఎప్పుడో మీటింగుకి పోయొచ్చేవాళ్ళు స్థానిక సంస్థట.

పక్కనున్న కర్ణాటకలో గ్రామ పంచాయతీ సభ్యులు కూడా ఎమ్మెల్సీకి ఓటేస్తారు. అక్కడా ఇదే రాజ్యాంగం. మరి మన దగ్గర ఎందుకు లేదు? నాకు తోచింది చెప్తాను, తప్పయితే దిద్దండి. మన దగ్గర సర్పంచి ఎన్నికకి పార్టీ గుర్తులు ఉండవు. ఎంపీటీసీ, జడ్పీటీసీలు పార్టీ గుర్తు మీద గెలుస్తారు. గుర్తు మీద గెలిచినోళ్ళని లెక్కబెట్టుకోవచ్చు, క్యాంపులకి తీసుకుపోవచ్చు, బస్సెక్కించి తెచ్చి ఓటేయించొచ్చు. ఊరూరికీ ఉన్న సర్పంచుల్నీ, ఒక్కో ఊళ్ళో ఉన్న వార్డు మెంబర్లనీ ఎన్ని బస్సులెక్కిస్తారు?

"మండలికి పెద్ద పవరేం లేదు కదా, దాని కోసం గొడవెందుకు" అని మొన్న టీ బంకు దగ్గర ఒకాయన అన్నాడు. అసెంబ్లీ పంపిన బిల్లుని మండలి మొదట 3 నెలలు, రెండోసారి ఇంకో నెల మాత్రమే ఆపగలదు. డబ్బు బిల్లయితే 14 రోజులే. అది నిజమే. కానీ ఎమ్మెల్సీ మంత్రి కావచ్చు. పదవి 6 ఏళ్ళు, ఎమ్మెల్యే కంటే ఒక ఏడాది ఎక్కువ. అంత పనికిరానిదైతే పార్టీలు దాంతో ఇన్ని ఆటలెందుకు ఆడాయి? 1985లో ఎన్టీఆర్ గారు తీసేశారు. 2007లో వైఎస్ గారి హయాంలో మళ్ళీ వచ్చింది. 2020 జనవరిలో రాజధాని బిల్లుని మండలి సెలెక్ట్ కమిటీకి పంపితే, వారం తిరక్కుండా మండలినే రద్దు చెయ్యమని అసెంబ్లీ తీర్మానం చేసింది. 2021 నవంబరులో ఆ తీర్మానం వెనక్కి తీసుకుంది. మెజారిటీ మనదైతే పెద్దల సభ, ఎదుటోడిదైతే దండగ సభ.

టీచర్ల మీద నాకు కోపం లేదు. వాళ్ళ ఎమ్మెల్సీలు పీఆర్సీ, డీఏ, పింఛను గురించి సభలో గట్టిగా అడుగుతారు. ఓటేసినోళ్ళ గురించి అడగటం వాళ్ళ ధర్మం. మన గురించి అడగాల్సిన అవసరం వాళ్ళకి లేదు, అంతే. 1950లో ఈ పద్ధతి పెట్టినప్పుడు ఊళ్ళో డిగ్రీ చదివినోడు ఒకడుంటే గొప్ప. చదువుకున్నోళ్ళ సలహా ఉంటే మంచిదనుకున్నారు, అప్పటికి సబబే. ఇప్పుడు ఇంటికో డిగ్రీ ఉంది, అందులో సగంమంది మనతోపాటు మందు కొడుతున్నారు, పురుగుమందు అండీ, వేరే అనుకోకండి.

దీనికి కొందరు "రైతులకీ 5 ఎమ్మెల్సీ సీట్లివ్వాలి" అంటున్నారు. వినటానికి బాగుంది, నేను ఒప్పుకోను. రైతంటే ఎవరని రాస్తారు? పట్టాదారు పాసుపుస్తకం ఉన్నోడని రాస్తారు. పొలం ఇక్కడ, కాపురం హైదరాబాదులో ఉన్న ఆసామికి ఓటొస్తుంది. ఆ పొలం కౌలుకి చేసి నష్టపోయినోడికి రాదు. పంట నష్టం డబ్బులప్పుడు చూశాం కదా. నేను సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు చేస్తా, నాకు తెలుసు ఆ కాగితం బాధ.

నేను అడిగేది ఒక్కటే, సర్పంచికీ వార్డు మెంబరుకీ ఆ ఓటు. వార్డు మెంబర్లలో కౌలు రైతులున్నారు, కూలికి పోయే ఆడవాళ్ళున్నారు. దీనికి రాజ్యాంగం మార్చక్కర్లేదు. 171వ అధికరణంలోనే ఉంది, ఏ స్థానిక సంస్థలకి ఓటుండాలో పార్లమెంటు మామూలు చట్టంతో చెప్పొచ్చని. పార్లమెంటు వేరేగా చెప్పేదాకానే ఈ పట్టభద్రుల, టీచర్ల లెక్క కూడా అని అక్కడే రాసుంది. ఆ "చెప్పేదాకా" 75 ఏళ్ళు నడిచింది.

అందుకే మన ఎంపీ గారికి ఒక అర్జీ రాశాను. మా సర్పంచి గారు, ఏడుగురు వార్డు మెంబర్లు సంతకం పెట్టారు. ఒక మెంబరు మాత్రం పార్టీ వాళ్ళనడిగి చెప్తానన్నాడు. చూద్దాం. కాగితం ఫొటో కింద పెడుతున్నా, ఊరి పేరు మార్చుకుని మీ సర్పంచి దగ్గరికి తీసుకెళ్ళండి. ఆదివారం పొద్దున పాల కేంద్రం దగ్గర ఉంటా, రాయటం రానివాళ్ళకి నేను రాసిపెడతా.