గుండెను రెచ్చగొట్టే ముందు మనిషిని అడగాలి

తెల్లవారుజామున ఛాతీ బిగుసుకుపోయి మెలకువ వస్తుంది. పావుగంటలో నొప్పి తగ్గిపోతుంది. తరువాత తీసిన ఈసీజీలో గానీ, ట్రెడ్‌మిల్ పరీక్షలో గానీ ఏ దోషమూ కనిపించదు. ‘గ్యాస్’ అని సరిపెట్టుకుంటారు. అయితే ఇది గుండె రక్తనాళం తాత్కాలికంగా ముడుచుకుపోవడం వల్ల కూడా కావచ్చు. 1959లో అమెరికా వైద్యుడు ప్రింజ్‌మెటల్, ఆయన సహచరులు ఇటువంటి నొప్పిని వివరించారు.

దీనిని నిర్ధారించడానికి ఎసిటైల్‌కోలిన్ లేదా ఎర్గోనోవిన్ ఇచ్చి, నాళం ముడుచుకుంటుందేమో యాంజియోగ్రామ్‌లో చూస్తారు. కాన్పు తరువాత రక్తస్రావం ఆపడానికి వాడే ఎర్గోమెట్రిన్, ఈ ఎర్గోనోవిన్ ఒకటే. అంటే రోగాన్ని మనమే పిలిచి చూస్తున్నామన్నమాట. పిలిస్తే వచ్చినది పొమ్మనగానే పోకపోవచ్చు. ఎర్గోనోవిన్‌ను చేతి సిర ద్వారా ఇచ్చినప్పుడు సంకోచం విడవక రోగులు మరణించిన ఉదంతాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. ఎసిటైల్‌కోలిన్ గుండె వేగాన్ని హఠాత్తుగా తగ్గించవచ్చు, లయ తప్పించవచ్చు. అనుభవజ్ఞుల చేతిలో, నైట్రోగ్లిజరిన్‌ను నేరుగా గుండె నాళంలోకి ఇవ్వగల క్యాథ్‌ల్యాబ్‌లో తీవ్ర ప్రమాదాలు అరుదు. అది లేనిచోట ఈ పరీక్ష చేయరాదు.

మన ప్రాంతంలో మరో రెండు సంగతులు ఆలోచించాలి. కవిటి, సోంపేట, కంచిలి వంటి ఉద్దానం మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎంతగా ఉన్నదో మీకు తెలుసు. యాంజియోగ్రామ్‌లో వాడే అయోడిన్ ద్రావణం దెబ్బతిన్న మూత్రపిండాలకు మరింత హాని చేయవచ్చు. ముందుగా క్రియాటినిన్ చూడక తప్పదు.

రెండవది అడ్డపొగ. నాళ సంకోచానికి పొగ ముఖ్యమైన కారణం. ‘సిగరెట్ తాగుతారా?’ అని అడిగి, పెద్దవయసు స్త్రీలు ‘లేదు బాబూ’ అంటే అంతటితో రాసేసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఆమె అబద్ధమాడలేదు, చుట్ట సంగతి నేనడగలేదు.

నేను పరీక్షకు వ్యతిరేకిని కాను. అది చివరి మెట్టు కావాలంటాను. నొప్పి ఉండగానే తీసిన ఈసీజీలో మార్పు దొరికితే చాలాసార్లు ఈ పరీక్ష అవసరమే ఉండదు. అందుచేత నొప్పి వచ్చినప్పుడు తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. పరీక్ష చేయాలంటే మీ వైద్యుణ్ణి మూడు ప్రశ్నలు అడగండి: ఫలితాన్ని బట్టి నా చికిత్స మారుతుందా? నా మూత్రపిండాలు తట్టుకుంటాయా? సంకోచం విడవకపోతే ఇక్కడ ఏం చేస్తారు? అడగడం అవిశ్వాసం కాదు. అది మీ హక్కు.