తరగతి గదిలో విరోచనుడు

పాఠం ముగియగానే "అర్థమైందా?" అని ఉపాధ్యాయుడు అడుగుతాడు. "అర్థమైందండీ" అని తరగతి యావత్తూ ఏకకంఠంతో పలుకుతుంది. మన పాఠశాలల్లో ప్రతిదినమూ జరిగే ఈ ప్రశ్నోత్తరం వలన ఉపాధ్యాయునికి తృప్తి కలుగుతుందే గాని, విద్యార్థి ఏమి గ్రహించినాడో తెలియదు. విపరీతంగా గ్రహించినవానికి కూడ తనకు అర్థమైనట్లే తోస్తుంది. తనకు తెలియదని ఎరిగినవాడు ఎన్నడైనా ప్రశ్నిస్తాడు. తప్పుగా తెలిసినవాడు ప్రశాంతచిత్తంతో లేచి ఇంటికి వెళ్ళిపోతాడు.

ఛాందోగ్యోపనిషత్తు అష్టమాధ్యాయంలో విరోచనుడు వెళ్ళినది సరిగ్గా ఈ విధంగానే. ఇంద్రవిరోచనులు సమిత్పాణులై ప్రజాపతిని ఆశ్రయించి 32 సంవత్సరాలు బ్రహ్మచర్యంతో నివసించినారు. నేత్రమందు గోచరించే పురుషుడే ఆత్మ అని ప్రజాపతి ఉపదేశించగా, ఇరువురూ దానిని ప్రతిబింబంగా భావించినారు. అప్పుడు ఆయన వారిని ఉదకపూర్ణమైన పాత్రలోనికి చూడమని, ఏమి కనబడుతున్నదని అడిగినాడు. నఖశిఖపర్యంతం తమ రూపమే కనబడుతున్నదని వారన్నారు. అలంకరించుకొని వచ్చి మరల చూడమని, మరల అదే ప్రశ్న వేసినాడు. ఇరువురూ సంతుష్టులై వెళ్ళినారు. దేహం అంధమైతే ఛాయ కూడ అంధమే కదా, ఇందులో అభయమెక్కడ అని ఇంద్రుడు దారిమధ్యంలో సంశయించి తిరిగి వచ్చినాడు. విరోచనుడు రాలేదు, దేహమే ఆత్మ అని అసురులకు బోధించినాడు. ఆచార్యుడొక్కడే, పాఠమొక్కటే, గురుకులవాసకాలమూ అంతవరకు సమానమే.

ప్రవచనాల్లో మనం ఇక్కడ ఇంద్రుని వివేకాన్ని కొనియాడి ముందుకు సాగుతాము. తరగతి గది దృష్టితో చూస్తే ప్రజాపతి వేసిన ప్రశ్న వద్దనే ఆగవలసి ఉన్నది. ఆయన "అర్థమైందా?" అని అడుగలేదు. "ఏమి కనబడుతున్నది?" అని అడిగినాడు. షష్ఠాధ్యాయంలో ఉద్దాలకుడు అనుసరించిన పద్ధతి కూడ ఇదే. మర్రిపండును తెప్పించి, చీల్పించి, లోపల ఏమున్నదో శ్వేతకేతువుచేతనే చెప్పిస్తాడు. ఉప్పును నీటిలో వేయించి, మరునాడు ఉదయం ఆ నీటిని పైనుండి, మధ్యనుండి, అడుగునుండి ఆచమింపజేసి, ప్రతిసారీ ఎట్లున్నదని అడుగుతాడు. ఇట్టి ప్రశ్నకు ఏకకంఠంతో సమాధానం చెప్పుట సాధ్యం కాదు. ఎవని నాలుకకు తగిలిన రుచిని వాడే చెప్పవలెను. అప్పుడే ఎవరు ఎక్కడ ఉన్నారో గురువుకు తెలుస్తుంది.

దీనిని లౌకికమైన గణితపాఠానికి అన్వయించి చూద్దాం. మూడవ వంతు పెద్దదా, నాలుగవ వంతు పెద్దదా అని అడిగితే నాలుగవ వంతే పెద్దదనే పిల్లలు ఎందరో ఉంటారు; మూడు కంటె నాలుగు పెద్దది కదా! ఆ బాలుని ఊహ నిర్హేతుకం కాదు. వానికి లభించినది శబ్దం మాత్రమే, ప్రత్యక్షం లభించలేదు. సమానమైన రెండు కాగితాలను ఒకదానిని మూడుగా, మరొకదానిని నాలుగుగా మడతపెట్టించి, ఏమి కనబడుతున్నదని అడిగితే వాడే దిద్దుకుంటాడు. "అర్థమైందా?" అని అడిగితే మాత్రం ఆ పొరపాటుతోనే పై తరగతికి వెళతాడు, పక్కవానికి కూడ నేర్పుతాడు. విరోచనుడు చేసినదీ అదే కదా.

ఇక్కడ ఒక ఆక్షేపం సహజం. ఇరువురూ తప్పుగా గ్రహించినారని తెలిసియుండి ప్రజాపతి తత్క్షణమే ఎందుకు ఖండించలేదు? శంకరభగవత్పాదులు భాష్యంలో దీనికి చెప్పిన సమాధానం ప్రతి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలోనూ చదివింపదగినది. మీరు మూఢులు, విపరీతంగా గ్రహించినారు అని ముఖం మీద అంటే వారి మనస్సు నొచ్చుకుంటుంది. ఆ కుంగుబాటు వలన మరల అడిగే, వినే ఉత్సాహం నశిస్తుంది. గనుక శిష్యులను రక్షించవలెనని ప్రజాపతి భావించినాడట. శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించిన 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌కు ఇంతకంటె చక్కని ఉపపత్తి నాకు కనబడలేదు.

అయినను, ఒక విషయంలో ప్రజాపతి మన పాఠశాల ఉపాధ్యాయునికి ఆదర్శం కాజాలడు. ఆయన విరోచనుని వెనుకకు పిలువలేదు. వెళ్ళుచున్న ఇరువురినీ చూచి, ఈ భావనను పట్టుకొన్నవారు పరాభవం పొందుతారని మాత్రం అన్నాడు. ఆత్మవిద్యలో అది తగును. వచ్చినవాడు ప్రౌఢుడు, స్వేచ్ఛగా వచ్చినవాడు, తలుపు తెరిచియే ఉన్నది. ఆరేండ్ల బాలుడు సమిత్పాణియై రాలేదు. తల్లి చేయి పట్టుకొని వచ్చినాడు. చట్టం వానిని పధ్నాలుగవ ఏటి వరకు బడిలో ఉండుమన్నది. కనుక వెనుకకు పిలువవలసిన బాధ్యత ఉపాధ్యాయునిదే. 24వ సెక్షన్ ఉపాధ్యాయుని విధులను చెబుతూ, పాఠ్యప్రణాళికను నిర్ణీతకాలంలో పూర్తి చేయమన్నది. ప్రతి బిడ్డ గ్రహణశక్తిని అంచనా వేసి అవసరమైన అదనపు బోధన చేయమని కూడ అన్నది. తనిఖీలో సాధారణంగా మొదటిదానినే అడుగుతారు. రెండవదానిని అడిగేవారు అరుదు.

ఆస్తికులైన ఉపాధ్యాయులతో ఒక మాట చెప్పవలసి ఉన్నది. "వానికి సంస్కారం లేదు", "వాని ప్రారబ్ధం అంతే" అన్న మాటలు మన స్టాఫ్ రూములలో వినబడుతుంటాయి. అధికారిభేదం మోక్షశాస్త్రానికి సంబంధించిన విచారం. అక్షరాలూ ఎక్కాలూ నేర్చుకొనుటకు సాధనచతుష్టయసంపత్తి అక్కరలేదు. కర్మసిద్ధాంతం స్వీయవైఫల్యాన్ని పరిశీలించుకొనుటకు ఉపకరిస్తుంది. పరుని బిడ్డను వదిలివేయుటకు దానిని సాకుగా వాడుట శాస్త్రాపచారం. పన్నెండేండ్లు వేదాధ్యయనం చేసి గర్వంతో తిరిగి వచ్చిన కుమారుని చూచి ఉద్దాలకుడు అనర్హుడని తోసిపుచ్చలేదు. వాడు ఇంకను చెప్పమన్న ప్రతిసారీ కొత్త దృష్టాంతంతో, తొమ్మిది పర్యాయాలు, అదే తత్త్వాన్ని చెప్పినాడు.

తొమ్మిది పర్యాయాలు చెప్పే వ్యవధి ఎక్కడున్నదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. ప్రాథమిక స్థాయిలో సంవత్సరానికి 200 పనిదినాలు. ముప్పై మంది పిల్లలు. పెక్కు గ్రామాల్లో ఒకే గదిలో రెండు మూడు తరగతులు. పైపెచ్చు ఎన్నికల విధులు, జనగణన. ఈ భారాన్ని తగ్గించవలసినది ప్రభుత్వం, సందేహం లేదు. అంతవరకు ఏదో ఒకటి తగ్గించక తప్పదంటే, పాఠంలో రెండు పుటలు తగ్గినా ఫరవాలేదు, పిల్లవాని నోట సమాధానం వినుట మాత్రం తగ్గరాదని నా నిశ్చయం.

విన్న సమాధానం ఒక్కొక్కప్పుడు గురువునే ఇరకాటంలో పెడుతుంది. ప్రవాహణ జైవలి సభలో అయిదు ప్రశ్నలకు సమాధానం చెప్పలేక తిరిగి వచ్చిన శ్వేతకేతువు, అంతా నేర్పినానని నీవెట్లు అన్నావని తండ్రినే నిలదీసినాడు. గౌతమగోత్రజుడైన ఆ తండ్రి కోపగించలేదు. వాటిలో ఒక్కటీ తనకు తెలియదని, తెలిసియుంటే చెప్పకుందునా అని కుమారునితో అని, స్వయంగా రాజు వద్దకు వెళ్ళినాడు. రాజు ధనం కోరుకొమ్మన్నాడు. ధనం తమ వద్దనే ఉండనిమ్మని, తన కుమారుని ఏమి అడిగినారో దానిని తనకు చెప్పుమని ఆయన అర్థించినాడు.