ఊళ్లు తిరిగే ఒక్కగానొక్క బిడ్డకు ఇంటి బడి: పాఠం ఒక్కటే చాలదు



ఉద్యోగరీత్యా తరచుగా ఊళ్లు మారవలసి వచ్చే తెలుగు కుటుంబాలు మన పొరుగు రాష్ట్రాలలో తక్కువేమీ కావు. రహదారులు, వంతెనలు, విద్యుత్ కేంద్రాలు కట్టే చోట పనిచేసేవారు, బదిలీల ఉద్యోగాలలో ఉన్నవారు ఏడాదికి ఒకటి రెండు పర్యాయాలు సామాను సర్దుకోక తప్పదు. అటువంటి ఇంట ఐదారేళ్ల బిడ్డ ఒక్కటే ఉన్నప్పుడు, "బడిలో వేసి నాలుగు నెలలకే మాన్పించడమెందుకు, మేమే చదువు చెప్పుకుంటాము" అని కొందరు తల్లిదండ్రులు నిర్ణయించుకుంటున్నారు. ఇది సరియేనా అని నన్ను అడిగినవారికి నేను చెబుతూ వచ్చిన మాటలను ఇక్కడ ఒకచోట చేర్చి మీ ముందు ఉంచుతున్నాను.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. పసివయసులో, తిరుగుడు తప్పని ఇంటిలో, ఇంటి బడి తప్పు కాదు. అయితే అది నిలబడడానికి రెండు నియమాలు కావాలి. తెలుగు చదవడం, రాయడం ఆ బడిలో ప్రతిదినం జరగాలి. వెళ్లిన ప్రతి ఊరిలోను ఆ బిడ్డతో తెలుగు మాట్లాడే పిల్లలు, పెద్దలు దొరకాలి. రెండవది లేకపోతే మొదటిది ఎక్కువ కాలం నిలవదు.

మొదట ఈ తల్లిదండ్రుల కష్టాన్ని న్యాయంగా చూద్దాము. హోసూరులో ఒక సంవత్సరం, బళ్లారి ప్రాంతంలో ఒక సంవత్సరం, షోలాపూరులో మరొక సంవత్సరం గడిపే బిడ్డను ఊహించండి. తమిళనాడు 2006లో చేసిన చట్టం బడులలో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. కర్ణాటక 2015లో కన్నడానికి, మహారాష్ట్ర 2020లో మరాఠీకి అటువంటి చట్టాలే చేశాయి. ఏ రాష్ట్రమైనా తన భాషను కాపాడుకోవడంలో తప్పు లేదు. కాని ఎనిమిదేళ్లు నిండకముందే మూడు లిపులను మొదలుపెట్టి, మూడింటినీ మధ్యలో వదిలివేసిన బిడ్డ ఏ భాషలోను ధారాళంగా చదవలేదు. పైగా ఈ మూడు బడులలో తెలుగు ఉంటుందన్న భరోసా లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉన్నది. అయితే కాగితం మీది మాట తరగతి గదిలోకి రావాలంటే అక్కడ తెలుగు ఉపాధ్యాయుడు ఉండాలి, తగినంతమంది పిల్లలు చేరాలి. ఈ స్థితిలో ఇంట్లో చదువు చెప్పుకుంటామన్న తల్లిదండ్రులను నేను నిందించలేను.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండడం మంచిది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 6 నుండి 14 ఏళ్ల పిల్లలను సమీప పాఠశాలలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యమని అందులో ఉన్నది. ఇంటి బడిని గురించిన ప్రస్తావన అందులో లేదు. బిడ్డను బడిలో చేర్చని తల్లిదండ్రులకు శిక్ష కూడా అందులో చెప్పలేదు. ఊళ్లు మారేవారికి పనికివచ్చే సంగతి మరొకటి ఉన్నది. ఆ చట్టం 5వ సెక్షను ప్రకారం బిడ్డ ఒక బడి నుండి మరొక బడికి, వేరే రాష్ట్రంలోనైనా సరే, మారవచ్చు. బదిలీ పత్రం ఆలస్యమైనదన్న కారణంతో కొత్త బడివారు చేర్చుకోకుండా ఆపరాదు. 4వ సెక్షను ప్రకారం బడి ముఖం చూడని బిడ్డనైనా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అంటే ఇంటి బడి నుండి బడికి తిరిగి వచ్చే తలుపు మూసుకుపోలేదు. ఈ విషయం తెలియక భయపడే తల్లిదండ్రులు ఎందరో.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంటి బడి పెట్టుకున్న తెలుగువారిలో నేను తరచుగా చూసే చిత్రమైన సంగతి ఏమిటంటే, మొదట కోతపడేది తెలుగే. ఉదయం ఆంగ్లం, ఆ తరువాత లెక్కలు, వీలైతే హిందీ. "తెలుగు ఎలాగూ ఇంట్లో మాట్లాడుతున్నాము కదా, సెలవులలో అమ్మమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుంటుంది" అని సమాధానం చెప్పుకుంటారు. బడి నిర్బంధం తప్పిన ఇంటిలో తెలుగుకు మొదటి చోటు దొరకవలసింది పోయి, ఉన్న చోటు కూడా పోతున్నది. బడిలో తెలుగు లేనందుకు మనము నొచ్చుకుంటాము. మన ఇంట్లో మనమే పెట్టిన బడిలో కూడా తెలుగు లేకపోతే ఎవరిని అడుగుతాము?

రెండవ లోటు ఇంతకన్న లోతైనది, ఎదురుగా ఉన్నా కనబడనిది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు లేని బిడ్డ ఇంట్లో తెలుగు మాట్లాడేది ఇద్దరితోనే. ఆ ఇద్దరూ పెద్దవారు, ఆ ఇద్దరూ తనను ప్రేమించేవారు. "తిను, రా, పడుకో, రాశావా" అన్న మాటలు, వాటికి బదులు చెప్పే మాటలు ఆ బిడ్డ భాషలో పుష్కలంగా ఉంటాయి. పోట్లాడే మాటలు, బతిమాలే మాటలు, ఒప్పందం చేసుకునే మాటలు ఉండవు.

నాకు తెలిసిన ఒక ఆరేళ్ల పాప తల్లి శ్రద్ధ వల్ల గుణింతాలు, ఒత్తులు తప్పు లేకుండా చదివేది. ఒకనాడు మా వీధి పిల్లలతో అష్టాచెమ్మా ఆడడానికి కూర్చున్నది. గవ్వలు పడిన లెక్కకన్న ఒక గడి ముందుకు కాయ జరిపితే, ఎదుటి పిల్లవాడు "తొండి, తొండి" అని అరిచాడు. పాప తెల్లబోయి నా వైపు చూసింది. ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఇంట్లో అమ్మానాన్నలు ఆమెకు ఓడిపోతూనే వచ్చారు గాని ఆమెను తొండి అన్నవారు లేరు. ఆ మాట ఏ వాచకం చదివితే వస్తుంది? "నా వంతు, నీ వంతు, నేను ఆడను పో, సరే మళ్లీ మొదటినుండి" అన్న మాటలు తోటిపిల్లలు నేర్పవలసినవే. గెలుపు, ఓటమి, అలక, రాజీ ఇవన్నీ మాతృభాషలో అనుభవానికి రాని బిడ్డకు ఆ భాష వంటింటి గడప దాటదు. పదేళ్లు వచ్చేసరికి స్నేహం ఒక భాషలో, భోజనం మరొక భాషలో జరుగుతాయి. క్రమంగా భోజనం వేళ కూడా మౌనమే మిగులుతుంది.

ఫోనులో తెలుగు పాటలు, కథలు చూపిస్తున్నాము కదా అంటారు. చూపించండి, కాదనను. కాని ఫోనులోని బొమ్మ బిడ్డ చెప్పేది వినదు. వినేవారు లేని చోట మాట పెరగదు.

మరి ఏమి చేయాలి? నేను సూచించేవి కొన్ని.

మొదటిది, ఇల్లు ఏ ఊరిలో ఉన్నా తెలుగు పాఠం వేళ మారకూడదు. చిన్న బిడ్డకు రోజుకు అరగంట చాలును. అందులో ఇరవై నిమిషాలు చదవడం, పది నిమిషాలు రాయడం. అక్షరాలను వరుసక్రమంలోనే నేర్పాలని లేదు. ప, వ, మ వంటి ఒకే పోలిక గల అక్షరాలను కలిపి నేర్పి, వెంటనే చిన్న మాటలు చదివించండి. వర్ణమాల వరుసను తరువాత చెప్పవచ్చు. ఒకరోజు చూచిరాత అయితే మరునాడు ఉక్తలేఖనం పెట్టండి. వారానికి ఒకసారి తాతయ్యకో నాయనమ్మకో పోస్టుకార్డు రాయించండి. చదివి బదులు రాసే మనిషి ఉన్నాడని తెలిసిన బిడ్డ శ్రద్ధగా రాస్తుంది.

రెండవది, ప్రయాణాన్నే వాచకంగా చేసుకోండి. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుండి వచ్చినవి. కాబట్టి తెలుగు అక్షరాలు వచ్చిన బిడ్డ కర్ణాటకలో బస్సు బోర్డులను కొద్ది రోజులలోనే పోల్చుకుంటుంది. మరాఠీకి వాడే దేవనాగరిలోను, ఒడియాలోను లిపి వేరైనా క, చ, ట, త, ప వర్గాల వరుస మనదే. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ఈ తేడా తెలియజెప్పకపోతే తమిళనాడులో పెరిగే బిడ్డ తెలుగు రాసేటప్పుడు ఒత్తక్షరాలు జారవిడుస్తుంది. బరంపురం వైపు రైలులో వెళ్లేటప్పుడు ఇచ్ఛాపురం దాటిన తరువాత స్టేషను బోర్డులపై తెలుగుకు బదులు ఒడియా కనబడుతుంది. "ఇక్కడ ఏ అక్షరాలు మారాయి?" అని అడగడమే ఒక పాఠం. స్థానిక భాషను శత్రువుగా చూపకండి. మాతృభాషలో గట్టిగా చదవగలిగిన బిడ్డకు రెండవ లిపి సులువవుతుంది.

మూడవది, ఊరూరి తెలుగును సేకరించనివ్వండి. సొరకాయ, ఆనపకాయ ఒకటే. గోంగూర, పుంటికూర ఒకటే. ఒక ఇంట నాయనమ్మ అయితే మరొక ఇంట జేజి. ఒక నోటుపుస్తకంలో ఒకే వస్తువుకు విన్న పేర్లన్నీ, ఏ ఊరిలో విన్నదో సహా, బిడ్డ చేత రాయించండి. ఇది తప్పు తెలుగు, అది ఒప్పు తెలుగు అనకండి. తిరిగే బిడ్డకు మాత్రమే దక్కే సంపద ఇది. ఒకేచోట ఉండి చదివే పిల్లలకు ఇది దొరకదు.

నాల్గవది, అన్నిటికన్న ముఖ్యమైనది, కొత్త ఊరిలో ఇల్లు వెదికేటప్పుడే తోడును కూడా వెదకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రలో 13 లక్షలకు పైగా, ఒడిశాలో 6 లక్షలకు పైగా ఉన్నారు. కృష్ణగిరి జిల్లాలో, కోలారులో, షోలాపూరు నేతవారి పేటలలో, బరంపురంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారున్నారు. మనుషులు లేక కాదు, మనము తలుపు తట్టక తోడు దొరకడం లేదు. వారానికి రెండు సాయంకాలాలు తెలుగు పిల్లలతో ఆట, ఒక గంట ఎవరైనా పెద్దవారి దగ్గర కథ ఉంటే చాలును. ఊరు మారిన తరువాత కూడా ఆ స్నేహాన్ని ఫోనులో, ఉత్తరంలో కొనసాగించండి. అమ్మమ్మ ఫోనులో కథ సగం చెప్పి ఆపితే, మిగిలిన సగం మరునాడు బిడ్డ కల్పించి చెప్పాలి. ఫోను ఇలా వాడితే మేలు చేస్తుంది.

ఐదవది తండ్రులకు. ఇంటి బడి అనే పేరుతో జరిగేది చాలా ఇళ్లలో అమ్మ బడి. కొత్త ఊరిలో ఇరుగుపొరుగు తెలియక, వంట, సామాను, పాఠం అన్నీ ఒక్క మనిషి మీద పడితే ఆ బడి ఏడాది కూడా సాగదు. తెలుగు అరగంట తండ్రి తీసుకోవాలి. నాన్న పని నుండి వచ్చి పుస్తకం తెరిస్తే ఆ భాషకు ఇంట్లో గౌరవం పెరుగుతుంది.

తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. ఊరికి కొత్తగా వచ్చిన ఇటువంటి బిడ్డను "రిజిస్టరులో పేరు లేదు" అని గేటు దగ్గర నుండి పంపివేయవద్దు. తల్లిదండ్రులకు పైన చెప్పిన చట్టం సంగతి వివరించి, ఉన్న నాలుగు నెలలకైనా చేర్చమని చెప్పండి. అందుకు వారు ఇష్టపడకపోతే, ప్రధానోపాధ్యాయుల అనుమతితో గ్రంథాలయ పుస్తకాలు ఇవ్వండి, సాయంకాలపు ఆటలకు పిలవండి. తెలుగు తరగతులలో పిల్లల సంఖ్య తగ్గుతున్నదని బాధపడే మనము, వచ్చిన ఒక్క బిడ్డను లెక్కలోకి రాదని వదిలివేయడం తగదు.

చివరగా, ఎంతకాలం? ఎనిమిది తొమ్మిదేళ్ల వరకు ఇంటి బడి సాగవచ్చునని నా నమ్మకం. ఆ తరువాత బిడ్డకు ప్రతిదినం తనయీడు పిల్లల సాంగత్యం కావాలి. తల్లిదండ్రులలో ఒకరు ఒకచోట నిలవడమో, తాతగారింట ఉంచి చదివించడమో ఆలోచించాలి. అది వీలుకానివారికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ మార్గం ఉన్నది. 14 ఏళ్లు నిండినవారు పదవ తరగతికి సమానమైన కోర్సులో చేరవచ్చు, అందులో తెలుగును ఒక భాషగా తీసుకొనవచ్చు. అయితే పదునాలుగేళ్ల వయసులో తెలుగు పరీక్ష రాయాలంటే ఆరేళ్ల వయసులో తెలుగు అక్షరం చేతికి రావాలి.

మీలో ఇంటి బడి నడుపుతున్నవారు ఉంటే ఈ రాత్రి ఒక చిన్న లెక్క వేయండి. గడచిన వారంలో మీ బిడ్డ, మీరిద్దరు కాక, ఎందరితో తెలుగులో మాట్లాడింది? అందులో తనయీడు పిల్లలు ఎందరు? ఆ సంఖ్య సున్నా అయితే రేపటి పాఠం కాస్త ఆలస్యమైనా పరవాలేదు. ముందు పక్క వీధిలో తెలుగువారి ఇల్లు ఎక్కడున్నదో కనుక్కోండి.