సరుకుల బండిలో కూలి స్త్రీలు: నిర్లక్ష్యం ఎవరిది?

పొలం పనులకు వెళ్ళే స్త్రీలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన ప్రతిసారీ వార్త ఒకే మాటతో ముగుస్తుంది: ‘డ్రైవరు నిర్లక్ష్యమే కారణం’. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలువలో పడి 9 మంది కూలి స్త్రీలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మరో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు స్త్రీలే. 2020 మేలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. డ్రైవరు తప్పు ఉండవచ్చు. కానీ సరుకు మోయడానికి చేసిన బండిలో ఈ స్త్రీలు ఎందుకు ఎక్కవలసి వచ్చిందని ఎవరూ అడగరు.

కారణం మనకు తెలియనిది కాదు. వంట, నీళ్ళు, పిల్లల పని ముగించుకునే స్త్రీ పొలానికి బయలుదేరుతుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్ళు మోటారు సైకిలు మీద వెళ్తారు. స్త్రీలు ముఠాగా ట్రాలీలోనో, సామాన్ల ఆటోలోనో కిక్కిరిసి వెళ్తారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సు ఉచితం. మంచిదే. కానీ నాట్ల కాలంలో తెల్లవారుజామున చేను గట్టు దాకా వచ్చే బస్సు ఏది?

ప్రమాదం జరిగాక రెండో అన్యాయం మొదలవుతుంది. 1999లో సత్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సరుకుల వాహనంలో ప్రయాణిస్తూ చనిపోయిన వారికి కూడా బీమా కంపెనీ పరిహారం ఇవ్వాలన్నది. 2002లో ఆశారాణి కేసులో ఆ తీర్పును కొట్టివేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ‘సరుకుల వాహనంలోని ఉచిత ప్రయాణికులకు తప్ప’ అన్న మినహాయింపును 147వ సెక్షన్‌లోనే రాసేశారు. సరుకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రం అదే బండిలో రక్షణ ఉంది. మిరపకాయల బస్తాతో వచ్చిన వాడికి బీమా వర్తిస్తుంది. ఆ కాయలు కోసిన స్త్రీకి వర్తించదు.

‘ఉచిత’ అన్న మాటను కాస్త పరిశీలిద్దాం. కూలి మాట్లాడుకునేటప్పుడే బండి ఖర్చు అందులో కలిసి ఉంటుంది, లేదా కూలిలోంచి పోతుంది. ఆమె సరదాకు ఎక్కిన అతిథి కాదు. పొలం యజమానికి కూలీలు సమయానికి కావాలి కాబట్టే ఆ బండి వచ్చింది. అయినా చట్టం దృష్టిలో ఆమె అటు ఉద్యోగీ కాదు, ఇటు ప్రయాణికురాలూ కాదు. పరిహారం బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. అతనూ చాలాసార్లు అప్పు తీసుకుని బండి కొన్న చిన్న రైతే.

ఇక శిక్షలు. నిర్లక్ష్యం వల్ల మరణానికి పాత శిక్షాస్మృతిలో రెండేళ్ళుగా ఉన్న గరిష్ఠ శిక్షను, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఐదేళ్ళు చేసింది. రోజుకు 8 గంటల పని అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పినా, నిద్ర లేకుండా లారీలు నడిపించే యజమానులను అడిగేవారు లేరు. డ్రైవరును జైలుకు పంపినంత మాత్రాన రేపు ఉదయం ట్రాలీలో ఎక్కే స్త్రీకి వేరే బండి రాదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కూలికి వెళ్ళే వారిని ‘ఉచిత ప్రయాణికులు’ అన్న మినహాయింపు నుంచి తొలగించాలి. అంతవరకు, 2004లో బల్జీత్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చేసినట్టు, బీమా కంపెనీ ముందు చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకునే పద్ధతిని ప్రతి కేసులో పాటించాలి. నాట్లు, కోతల కాలంలో పొలాల వేళలకు బస్సులు నడపాలి. రాకపోకల భద్రత పని ఇచ్చే వారి బాధ్యత కావాలి.

మనం చేయగలిగిన పని కూడా ఉంది. ప్రమాదం జరిగిన ఊరికి వెళ్ళినప్పుడు బండి ఎవరు పంపారు, కూలి ఎంత, కిరాయి ఎవరు కట్టారు అన్నవి అప్పుడే రాసి పెట్టాలి. ఆమె ఇంటి పనిని కూడా రాయాలి. గృహిణి శ్రమకు విలువ కట్టాలని 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ రాసిన మాట ట్రిబ్యునల్ ముందు ఉంచాలి. పొలంలోనూ ఇంట్లోనూ పనిచేసిన మనిషికి ఒక్క కూలి లెక్కే కడితే, మిగతా సగం శ్రమను మనమే వదిలేసినట్టు.