తోలు మీద రాసిన పుస్తకం, మూడొందల కోట్ల ధర

2023 మే 17న న్యూయార్క్‌లో సోత్‌బీస్ అనే వేలం కంపెనీ ఒక పాత హీబ్రూ బైబిలును పాట పెట్టింది. పాట 3 కోట్ల 35 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. కంపెనీ కమీషను కలిపితే 3 కోట్ల 81 లక్షలు. ఆనాటి మారకం లెక్కన మన రూపాయల్లో మూడొందల కోట్లు దాటింది. కొన్నది ఆల్‌ఫ్రెడ్ మోజెస్ అనే పెద్దమనిషి, అమెరికా తరఫున ఒకప్పుడు రుమేనియాలో రాయబారిగా పనిచేసినాయన. (పేరు కూడా మోషేనే, చూడండి.) తన కోసం కాదు, టెల్ అవీవ్‌లోని 'అను' అనే యూదుల మ్యూజియం కోసం కొన్నాడు.

యూదుల పుస్తకం, అమెరికా వేలం, మనకేంది సంబంధం అని మనవాళ్లు చాలామంది ఆ వార్త దాటేసి ఉంటారు. సంబంధం ఉంది. ఆ పుస్తకం రాసింది తోలు మీద.

దాన్ని కోడెక్స్ సాసూన్ అంటారు. కోడెక్స్ అంటే చుట్ట కాదు, కుట్టిన పుస్తకం. తొమ్మిదో శతాబ్దం చివరనో పదో శతాబ్దం మొదట్లోనో రాసింది, అంటే వెయ్యేళ్లు దాటింది. మన క్రైస్తవ పల్లెల్లో పాత నిబంధన అని చదువుకునేదే. యూదుల లెక్కలో 24 పుస్తకాలు. ఆకులు 396, బరువు సుమారు 12 కిలోలు. పోయినవి డజను ఆకులు మాత్రమే. దీనికి సాటి వచ్చేవి రెండే. అలెప్పో నగరంలో ఉండిన ప్రతి ఒకటి. అది సుమారు 930 నాటిది, 1947 అల్లర్ల తర్వాత చూస్తే అందులో దగ్గర దగ్గర 40 శాతం ఆకులు లేవు. రెండోది రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. పూర్తిగా ఉన్నది అదే, కానీ 1008 నాటిది. అంతకంటే పాతదై, దాదాపు నిండుగా మిగిలింది ఇదొక్కటే.

396 ఆకులంటే ఎన్ని జీవాల తోళ్లో లెక్కేయండి. నూరు దాటే ఉంటాయి. తోలు నానబెట్టాలి, వెంట్రుకలు ఊడదియ్యాలి, చట్రానికి బిగించి రెండు పక్కలా గీకాలి, ఆరబెట్టాలి, నునుపు తియ్యాలి. మన లందల్లో తంగేడు చెక్క వేసి ఊరబెట్టే పద్ధతి వేరు, ఇది వేరు. కానీ కంపు ఒకటే, చేతులు పగిలేదీ ఒకటే. రాసినవాడి పేరే ఆ పుస్తకంలో మిగల్లేదు. ఇంక తోలు గీకినవాడి పేరు ఎవరికి కావాలి?

బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు ఒకడు లేచి "తోలు మీదనా సార్? దేవుడి పుస్తకమా?" అన్నాడు. ఆ ప్రశ్న వాడిది కాదు, ఈ దేశానిది. జింక తోలు మీద కూర్చుంటే తపస్సు, చచ్చిన గొడ్డు తోలు తీస్తే మైల. గుళ్లో మోగే డోలుకు రెండు పక్కలా ఉన్నది తోలే. ఆ తోలు లోపలికి పోయింది, దాన్ని తయారు చేసినవాడు గుడి బయటే ఆగిపోయాడు. యూదుల ధర్మంలో సంగతి వేరే. వాళ్ల తోరా చుట్ట తోలు మీద రాస్తేనే చెల్లుతుంది. కాగితం మీద రాసింది ప్రార్థనలో చదవడానికి పనికిరాదు.

అట్లాగని అక్కడంతా స్వర్గం అని మేము అనం. వాళ్ల మిష్నా అనే ధర్మగ్రంథం తోళ్లు ఊనే చోటు ఊరికి యాభై మూరల దూరంలో ఉండాలంటుంది. మొగుడు తోలు పని చేసేవాడైతే పెళ్లాం విడాకులు అడగొచ్చని కూడా అంటుంది. ముక్కు మూసుకోవడం అక్కడా ఉంది. అయితే ఆ కంపు పనికే అంటింది గానీ పుట్టుకకు అంటలేదు. ఆ మిష్నా కాలపు గురువుల్లో యోహానాన్ హ-సండ్లార్ అని ఒకాయన ఉన్నాడు. చెప్పులు కుట్టేవాడు కాబట్టే ఆ పేరు వచ్చిందని చెబుతారు. చెప్పులు కుట్టే మనిషి ధర్మం చెబితే రాసుకున్నారు. ఇక్కడ వేదం చెవిన పడిన శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పొయ్యమన్నారు. ఆ మాట గౌతమ ధర్మసూత్రంలో ఉంది, మేము కల్పించింది కాదు. శూద్రుడికే అది. మన సంగతి అసలు లెక్కలోనే లేదు.

పంతుళ్లం కాబట్టి ఇంకో సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. హీబ్రూ రాతలో ఉన్నవి హల్లులే. గుణింతం లేదు. తెలుగులో క, మ, ల అని మూడు అక్షరాలే రాసి పెడితే కమల అనాలా, కోమలి అనాలా, కుమిలి అనాలా? నోటి పాఠం వచ్చినవాడు చెప్పాల్సిందే. దేవుడి మాట అట్లా వందల ఏళ్లు పండితుల నోళ్లలో ఉండిపోయింది. మాసొరెట్లు అనే పండితులు ఆరో శతాబ్దం నుంచి పదో శతాబ్దం దాకా కూర్చుని ఆ హల్లుల కిందా పైనా చుక్కలు, గీతలు పెట్టారు. మన తలకట్టు, గుడి, కొమ్ము లాంటివే అనుకోండి. ఎక్కడ ఆపాలి, ఎట్లా రాగం తియ్యాలి అనేదానికీ గుర్తులు పెట్టారు. ఈ మాట ఇట్లా ఎన్నిసార్లు వచ్చింది, ఈ అక్షరం మార్చవద్దు అని అంచుల్లో సన్నటి అక్షరాలతో లెక్కలు రాశారు. కోడెక్స్ సాసూన్ విలువంతా ఆ చుక్కల్లో, ఆ అంచు రాతల్లో ఉంది. గురువు పక్కన లేకపోయినా తప్పు లేకుండా చదువుకునే దారి అది.

మన దగ్గర జరిగింది దీనికి ఎదురు. రాస్తే ఎవడైనా చదువుతాడని వేదాన్ని నోట్లోనే దాచుకున్నారు. జ్ఞాపకశక్తి గొప్పదని మురిసేవాళ్లు మురవొచ్చు. ఆ నోటి చుట్టూ కట్టిన గోడ ఎవరిని ఆపడానికో అడిగినవాడు లేడు. (యూదుల్లోనూ ఆడవాళ్లను ఆ పుస్తకం ముందు నిలబడి చదవనివ్వని కాలం చాలా ఉంది. ఆ మాట దాచం.)

ఇక అమ్మకాల కథ. పదకొండో శతాబ్దంలోనే ఖలఫ్ బెన్ అబ్రహాం అనే ఆయన దీన్ని ఇసాకు అల్-అత్తార్‌కు అమ్మినట్టు పుస్తకంలోనే రాసి ఉంది. ఇసాకు నుంచి అది కొడుకులకు వచ్చింది. పదమూడో శతాబ్దంలో మకిసీన్ అనే ఊరి సమాజమందిరానికి కానుకగా చేరింది. ఇప్పటి సిరియా ఈశాన్యంలో ఉంది ఆ చోటు. ఊరు దండయాత్రల్లో నాశనమైతే సలామా అనే మనిషి చేతికి పుస్తకం అప్పగించారు, మందిరం మళ్లీ కట్టినప్పుడు తెచ్చివ్వమని. మందిరం మళ్లీ లేవలేదు. ఆ తర్వాత వందల ఏళ్లు దీని ఆచూకీ లేదు.

1929లో డేవిడ్ సోలమన్ సాసూన్ 350 పౌన్లకు కొన్నాడు. ఈయన 1880లో పుట్టింది మన బొంబాయిలో. బాగ్దాదు నుంచి 1832లో బొంబాయి వచ్చి స్థిరపడిన సాసూన్ల వంశం. సాసూన్ డాక్, సాసూన్ లైబ్రరీ, పూనా సాసూన్ ఆసుపత్రి, అన్నీ వాళ్లవే. దానధర్మాలు నిజమే. ఆ డబ్బులో పెద్ద వాటా చైనాకు ఎగుమతి చేసిన నల్లమందు మీద వచ్చిందీ నిజమే. అదే వంశంలో ఇంకో శాఖకు బొంబాయిలో బోలెడు బట్టల మిల్లులుండేవి. బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. కండె మార్చినప్పుడు దారాన్ని నోటితో పీల్చాలి, ఎంగిలి అవుతుందని సాటి కార్మికులే ఒప్పుకోలేదు. కూలి ఎక్కువ దొరికేది ఆ ఖాతాలోనే. 1928 సమ్మెలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ సంగతి ఎత్తితే గానీ యూనియన్ పెద్దలకు చెవికెక్కలేదు. ఆ నగరంలో రాళ్లు మోసిన తెలుగు కూలీల పేరు మీదే కామాటిపుర ఉంది. వాళ్ల చరిత్ర ఏ తోలు మీద ఉంది?

1978లో ఈ పుస్తకాన్ని బ్రిటిష్ రైల్వే పెన్షన్ ఫండ్ కొన్నది, సుమారు 3 లక్షల 20 వేల డాలర్లకు. రైలు కార్మికుల పెన్షను సొమ్ము ధరల పెరుగుదలకు కరిగిపోకుండా పాత వస్తువుల మీద పెట్టారన్నమాట! 1989లో అదే ఫండ్ 31 లక్షల 90 వేలకు అమ్మింది. తర్వాత జాకీ సాఫ్రా అనే ధనవంతుడి దగ్గర ముప్పై ఏళ్లకు పైగా ఉండి 2023లో పాటకొచ్చింది. 350 పౌన్ల నుంచి మూడొందల కోట్లు. ఈ మధ్యలో ఆ పుస్తకంలో ఒక్క అక్షరం పెరగలేదు. 1982లో ఒకసారి బ్రిటిష్ లైబ్రరీలో పెట్టడం తప్ప ఈ కాలమంతా జనం కంట దాదాపు పడనే లేదు.

మృత సముద్రం చుట్టల సంగతి ఇంకా చోద్యం. 1947 ప్రాంతంలో గొర్లు కాచుకునే బెదూయిన్లకు గుహలో దొరికాయి. అవీ తోలు మీద రాసినవే. బెత్లహేములో చెప్పుల షాపు నడిపే కాందో దగ్గరకు తెచ్చారు. అక్కడి నుంచి నాలుగు చుట్టలు సిరియన్ చర్చి మతగురువు ఒకాయన చేతికి 24 పౌన్లకు పోయాయి. 1954లో ఆయన అమెరికా పేపర్లో అమ్మకానికి ప్రకటన వేస్తే ఇజ్రాయెల్ తరఫున రెండున్నర లక్షల డాలర్లకు కొన్నారు. కాపరికి ఎంత ముట్టిందో అడక్కండి.

కోడెక్స్ సాసూన్ యూదు ప్రజలకు చెందినందుకు సంతోషం, లోకమంతా చూసే చోట ఉండాలని కొన్నాను అన్నాడు మోజెస్. ధనవంతుడి బీరువాలోంచి మ్యూజియానికి రావడం మంచిదే, కాదనం. కానీ లోకమంతా అంటే ఎవరు? మకిసీన్ ఉన్న సిరియా నుంచి టెల్ అవీవ్ వెళ్లి చూసే దారి మామూలు మనిషికి లేదు. అదే 2023లో, డిసెంబరులో, గాజా నగరంలో పాత రాతప్రతులు దాచిన ఒమరీ పెద్ద మసీదు బాంబులకు కూలింది. ఒక జాతి పుస్తకాన్ని అద్దాల పెట్టెలో పెట్టి ఇంకో జాతి పుస్తకాలను మట్టిలో కలిపితే, వెయ్యేళ్లు దేశదేశాలు తరమబడి పుస్తకాన్ని మోసిన యూదుల చరిత్రకే అది న్యాయం కాదని మా అభిప్రాయం.

ఈ పుస్తకంతో మనకున్న చుట్టరికం మ్యూజియాల మీదుగా రాలేదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కరువుకు తిండి కోసం మారారని ఎగతాళి చేసేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. కూడు పెట్టని మతంలో ఎందుకు ఉండాలో మాత్రం వాళ్లు చెప్పరు. కూడుతో పాటు బడి వచ్చింది, చేతికి అచ్చు పుస్తకం వచ్చింది. ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలు బయటపడిన కథ వెట్టి చేసే పల్లెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివర్లో ఇంకో అడుగు వేసి మేము యూదులమే, ఎఫ్రాయిము గోత్రం వాళ్లం అన్నాయి. బెనె ఎఫ్రాయిం అని పేరు పెట్టుకుని హీబ్రూ నేర్చుకుని సబ్బాతు పాటిస్తున్నాయి. మన ఉద్యమంలో కొందరు నవ్వారు. మేము నవ్వం. ఊరు ఇచ్చిన పుట్టుక వద్దు, మా పుట్టుక మేమే చెప్పుకుంటాం అనడం నవ్వే సంగతి కాదు. మిజోరాం, మణిపూర్‌ల నుంచి బెనె మెనాషె వాళ్లను వేలల్లో తీసుకుపోయిన ఇజ్రాయెల్ వీళ్లకు ఆ తలుపు తియ్యలేదు. పాత పుస్తకానికి మూడొందల కోట్లు దొరుకుతాయి, ఆ పుస్తకాన్ని నమ్ముకున్న పల్లెకు ఒక ఉత్తరం ముక్క దొరకడం కష్టం.

యూదుల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. దేవుడి పేరున్న కాగితాన్ని వాళ్లు పారెయ్యరు. పాతబడితే గెనీజా అనే గదిలో పడేస్తారు. కైరోలో బెన్ ఎజ్రా మందిరం గెనీజా నుంచి 1896-97లో షెక్టర్ అనే పండితుడు తీసుకుపోయిన ముక్కలు కేంబ్రిడ్జిలో లక్షా 90 వేలకు పైగా ఉన్నాయి. అందులో అప్పు పత్రాలున్నాయి, పెళ్లి కట్నాల లెక్కలున్నాయి, ఇండియా వర్తకుల ఉత్తరాలున్నాయి, పిల్లల ఓనమాల పుస్తకాలున్నాయి. వెయ్యేళ్ల నాటి మామూలు మనిషి ఎట్లా బతికాడో వాటి వల్లే లోకానికి తెలిసింది.

మన గెనీజా ఏది? జాంబపురాణం చెప్పే డక్కలివాళ్ల పటం మాదిగల పుట్టుక చెప్పే బొమ్మల పుస్తకం. పాతబడిన పటాన్ని ఏట్లో కలపడం ఆచారం. కలపకుండా మిగిలినవి బేరగాళ్ల మూటల్లో పట్నం పోతున్నాయి. మాకు తెలిసిన ఒక డక్కలాయన బియ్యానికి అమ్ముకున్నాడు. ఆయన్ను తప్పు పట్టే నోరు మాకు లేదు, కొని దాచే చెయ్యి మనకు లేకపోయింది. 1985 జూలై 17 కారంచేడు నాడు చీరాల శిబిరంలో పంచిన కరపత్రాలు ఎవరింట్లో ఉన్నాయి? 1991 ఆగస్టు 6 చుండూరు తర్వాత పాడిన పాటల నోట్‌బుక్కులు? ఎనిమిది మందిని చంపిన ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టు కాగితంలో మిగిలేది కోర్టు మాట. పల్లె మాట పల్లె దాచుకోవాలి.

అందుకని అడుగుతున్నాం. అటక మీద, ట్రంకు పెట్టెలో, చనిపోయిన కార్యకర్త సంచిలో ఏముందో ఈ వేసవి సెలవుల్లో తీసి చూడండి. మాకు పంపనక్కర్లేదు, ముందు చెదల నుంచి కాపాడండి. వేపాకు వేసి గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు అంటుకుపోతాయి. కరపత్రం మీద తేదీ లేకపోతే తెలిసిన పెద్దవాళ్లు బతికుండగానే అడిగి వెనక పెన్సిల్‌తో రాసిపెట్టండి. పెన్ను వద్దు, సిరా అవతలి పక్కకు దిగుతుంది.