ఇంగ్లీషు ముచ్చట్లు: ఒక వాక్యం దిద్దుదాం

పిల్లలూ! "నేను నిన్న బడికి వెళ్ళలేదు" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే మీలో కొందరు, "ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్ ఎస్టర్డే" అంటారు. పరీక్షలో అలా రాస్తే మార్కు పోతుంది. తప్పెక్కడున్నదో కనిపెట్టగలరా?

తప్పు 'వెంట్' దగ్గర వున్నది. జరిగిపోయిన సంగతి గనుక 'గో' కాస్తా 'వెంట్' కావాలని మీరనుకున్నారు. కాని జరిగిపోయిందన్న మాట 'డిడ్' ముందే చెప్పేసింది. ఒక పనికి ఇద్దరెందుకు? "ఐ డిడ్ నాట్ గో" అంటే చాలు.

ఇది వింతగా తోస్తున్నదా? మన తెలుగే చూడండి. "వెళ్ళాను" అంటాం, "వెళ్ళలేదు" అంటాం. "వెళ్ళానులేదు" అని ఎవరూ అనరు గదా! కాలం సంగతి అక్కడ 'లేదు' చూసుకుంటుంది. మాటలు నేర్చిన నాటినుంచీ మీకీ సూత్రం తెలుసు!

ప్రశ్నకూ ఇదే పద్ధతి: "డిడ్ యు గో?" 'డజ్' కూడా ఇంతే. "హి గోస్" సరే. కాదని చెప్పేటప్పుడు మాత్రం "హి డజ్ నాట్ గో" అనాలి.

ఇకమీదట వాక్యం రాశాక 'డిడ్', 'డజ్' వున్నవేమో చూడండి. వాటికి తోడుగా వచ్చిన క్రియ మీద వేలు పెట్టండి. నిఘంటువులో మొదట కనిపించే రూపమే అక్కడ వుండాలి.

ఇప్పుడు వీటిని దిద్దండి:

1. షి డిడ్ నాట్ డ్రాంక్ ద మిల్క్.
2. డజ్ యువర్ సిస్టర్ సింగ్స్?

జవాబులు: 1. డ్రింక్. 2. సింగ్.