బస్సు పడదా? మత్తు డాక్టరుకు ముందే చెప్పండి

భిలాయి సెక్టర్ 2లో ఆపరేషన్ చేయించుకుని వచ్చినవారిని పలకరిస్తే, కోత నొప్పి కంటే వాంతుల గురించే ఎక్కువగా చెబుతారు. "ఆపరేషన్ అన్నాక మామూలే కదా" అని పక్కవాళ్లు సర్దిచెబుతారు. ఆ 'మామూలే' అన్న మాటతోనే నా పేచీ.

మా అమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే పిత్తాశయం ఆపరేషన్ చేయించుకుంది. ఆ రాత్రంతా కుట్లు అదిమిపట్టుకుని వాంతులు చేసుకుంటూనే ఉంది. ఆమెకు బస్సు పడదని మా ఊరంతటికీ తెలుసు. మత్తు డాక్టరుకే తెలియలేదు. ఆయన హిందీలో అడిగినవాటికి అమ్మ తలూపింది. నేనేమో బిల్లు కౌంటరు దగ్గర ఉన్నాను.

ముప్పును అంచనా వేయడానికి క్రిస్టియన్ ఆప్ఫెల్ బృందం 1999లోనే నాలుగు అంశాలు తేల్చింది: స్త్రీ కావడం, పొగతాగే అలవాటు లేకపోవడం, ప్రయాణాల్లో గానీ గత ఆపరేషన్ తర్వాత గానీ వాంతులు అయి ఉండటం, ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ తరహా నొప్పి మందులు వాడాల్సి రావడం. ఒక్కటీ లేకపోతే ముప్పు సుమారు 10 శాతం, నాలుగూ ఉంటే 80 శాతానికి దగ్గర. (పొగతాగేవారికి వాంతులు తక్కువని సిగరెట్ ముట్టించకండి, ఊపిరితిత్తులకు అంతకంటే పెద్ద చిక్కు.) మన అమ్మల్లో చాలామందికి మూడు అంశాలు ఇట్టే కలిసొస్తాయి. అంటే 60 శాతం.

మెదడులోని వాంతి కేంద్రానికి పేగులు, లోపలి చెవి, రక్తంలోని మందులు వేర్వేరు దారుల్లో సంకేతాలు పంపుతాయి. ఒక మందు ఒక దారినే మూస్తుంది. 5 వేల మందికి పైగా రోగులతో జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్, డ్రోపెరిడాల్ ఒక్కొక్కటీ ముప్పును దాదాపు నాలుగో వంతు తగ్గించాయి. 60 శాతం ముప్పు ఒక మందుతో 45కి, రెండో మందుతో 33 దగ్గరికి దిగుతుందన్నమాట. అందుకే ఒక్క అంశం ఉన్నా రెండు మందులు, రెండు దాటితే ఇంకా ఎక్కువ ఇవ్వాలని 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. డెక్సామెథసోన్ మత్తిచ్చిన వెంటనే, ఆన్‌డాన్‌సెట్రాన్ ఆపరేషన్ ముగిసేముందు ఇవ్వడం మేలు. వాంతులు మొదలయ్యాక సూది కోసం నర్సు వెంట పరుగెత్తడం ఆలస్యమే.

మందులకు దుష్ప్రభావాలు లేకపోలేదు. డెక్సామెథసోన్‌తో చక్కెర పెరగవచ్చు, గుండె లయ సమస్య ఉన్నవారికి ఆన్‌డాన్‌సెట్రాన్ విషయంలో జాగ్రత్త కావాలి. ఆ నిర్ణయం డాక్టరుది. కానీ ఖరీదు సాకు చెల్లదు, ఈ రెండూ చౌకవే.

ఉక్కు కర్మాగారం కోసం ఇన్ని భాషలవాళ్లు వచ్చి స్థిరపడిన ఊరిది. ఆ ప్రశ్నలను హిందీతోపాటు తెలుగులోనూ ఒక అట్టమీద రాసి మత్తు డాక్టరు గదిలో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?